అల్యూమినియం కింది గడి

"అది వద్దమ్మాయ్, దించెయ్. పాలు స్టీలుదాంట్లో కాయి," అంది అత్తగారు వెనకనుంచి.

అప్పటికే పాలు పోసి స్టవ్వు మీద పెట్టేశాను. మా ఫ్యాక్టరీలో తయారైన గిన్నె, ఇంకా మెరుపు తగ్గలేదు. ఇప్పుడు దించడమంటే ఒకటికి రెండు గిన్నెలు తోముకోవడం. తోమేదాన్ని నేను కాబట్టి ఆ సంగతి నాకు వెంటనే తడుతుంది, చెప్పేవాళ్ళకి తట్టదు. ఏమైందత్తయ్యా దీనికి అని అడిగితే, "ఏమో, అబ్బాయి చెప్పాడు. మీ కంపెనీ గిన్నెలన్నీ పై అరలో పడేసి స్టీలువి వాడమన్నాడు. అల్యూమినియం ఒంటికి పడదట, ఈమధ్య అందరూ అంటున్నారుగా," అంది.

నాకు ఒళ్ళు మండింది. అల్యూమినియం గిన్నెల ఫ్యాక్టరీలో లోహాన్ని పరీక్షించే కెమిస్టుని నేను. ఒంటికి ఏ లోహం పడుతుందో ఏది పడదో చెప్పినందుకే నాకు జీతం ఇస్తారు. ఆ మాట నాతో ఒక్కసారి అనకుండా వాళ్ళమ్మకి చెప్పి ఊరుకున్నాడు మా ఆయన. ఈ వంటింట్లో రూల్సు ఎప్పుడూ ఇలాగే మారతాయి. వండేది నేను, అందరికంటే చివర తెలిసేదీ నాకే. పాలు స్టీలు గిన్నెలోకి ఒంపి, ఖాళీ అయినదాన్ని తోమి బోర్లించి, టిఫిన్ బాక్సులు కట్టే హడావుడిలో పడిపోయాను.

మేమిద్దరం ఒకే ఫ్యాక్టరీలో పనిచేస్తాం. ఆయన లోహం కరిగించే షెడ్డుకి ఇన్‌ఛార్జి. నేను లాబ్‌లో. ఒకే కారులో వెళ్తాం, ఒకే కారులో వస్తాం. తేడా అంతా కారు ఎక్కకముందూ దిగిన తర్వాతే. పొద్దున లేచింది మొదలు ఆయన చేసే పనల్లా తయారవడం. నేను తయారవడం ఎప్పుడు జరుగుతుందో నాకే తెలీదు, ఎక్కడో కూర దించడానికీ చెప్పులు వేసుకోవడానికీ మధ్య జరిగిపోతుంది. కారులో కూర్చున్నాక అలిసిపోయావా అని కూడా అడుగుతాడు అప్పుడప్పుడు, నేను ఔననేలోపే, "నీకేం, ఏసీ గదిలో కూర్చుని మీటలు నొక్కే పని. నిప్పుల ముందు నిలబడితే తెలుస్తుంది," అంటాడు. ఆ ఏసీ నాకోసం కాదు, మిషను కోసం. వేడి పడితే అది తప్పుడు అంకెలు చూపిస్తుంది. ఒకసారి ఏసీ చెడిపోతే తిండి మానేసి మరీ పరిగెత్తుకొచ్చారు బాగుచేసేవాళ్ళు. నా కుర్చీకి వెనక ఆనుకునే భాగం ఊడి ఎన్నాళ్ళయిందో నాకే గుర్తులేదు.

లాబ్‌లో నాకు నచ్చినవి రెండే. ఒకటి ఆ మిషను. రెండోది గోడ మీద ఆవర్తన పట్టిక. ఆ పటం నేను చేరకముందు నుంచీ ఉంది, అంచులు పసుపెక్కిపోయాయి. ఆ పట్టికంటే నాకు స్కూలు రోజుల నుంచీ ప్రాణం. మిగతా పిల్లలు దాన్ని బట్టీ పెట్టలేక ఏడిస్తే, నేను దాన్ని చూసి హాయిగా ఊపిరి పీల్చుకునేదాన్ని. అందులో ఎవరి చోటు వాళ్ళది. లోపల ఎన్ని ప్రోటాన్లు ఉన్నాయో అదే వాళ్ళ నంబరు, అదే వాళ్ళ గడి. మెరుపు చూసి ముందు కూర్చోబెట్టడం, ఎవరి తాలూకో అడిగి వెనక్కి నెట్టడం ఉండదు. బంగారం పక్కనే పాదరసం. ఒకరు ఉలకరు పలకరు, ఇంకొకరు నిలకడగా ఒక్కచోట ఉండరు, అయినా పక్కపక్క ఇళ్ళే. ఆ పట్టికలో ఎడమవైపూ మధ్యలోనూ నిండా ఉన్నది లోహాలే. మెరుస్తాయి, వేడిని మోసుకుపోతాయి, కొడితే పగలకుండా సాగుతాయి. కొడితే పగలకుండా సాగడాన్ని మా సైన్సు టీచరు లోహ లక్షణం అని చెప్పింది. మా అమ్మ దాన్నే సర్దుకుపోవడం అనేది.

అల్యూమినియం మంచి లోహం. తేలిగ్గా ఉంటుంది, వేడిని గిన్నె అంతటా సమంగా పంచుతుంది, గాలి తగలగానే తన ఒంటి మీద తానే ఒక సన్నటి పొర కప్పుకుంటుంది. దాని కింద గడిలో గాలియం ఉంటుంది. ఆ గడి కథ నాకు చాలా ఇష్టం. పట్టిక మొదట వేసినప్పుడు గాలియం అనేది ఒకటుందని ఎవరికీ తెలీదు. వేసినాయన అక్కడ ఖాళీ వదిలిపెట్టి, ఇక్కడికి ఒకరు రావాలి, వస్తే ఇదిగో ఇలా ఉంటారు అని ముందే చెప్పాడు. కొన్నేళ్ళకి నిజంగానే దొరికింది. అరచేతిలో పెట్టుకుంటే ఆ వెచ్చదనానికే కరిగిపోయే లోహం. పై గడీ కింద గడీ ఒకే స్వభావం కాబట్టి, మట్టిలోంచి అల్యూమినియం తీసినప్పుడు గాలియం కూడా పిసరంత అంటుకునే వస్తుంది. కొలిమిలో ఒకసారి కరిగించిన లోహాన్ని ఒక పోత అంటాం. ఆ పిసరు ఏ రెండు పోతల్లోనూ ఒకేలా ఉండదు. ఇక సీసం ఉండేది చాలా కింద. బరువు, మెత్తదనం, తొందరగా కరిగే గుణం. ఒంట్లోకి వెళ్తే కాల్షియంలా వేషం వేసుకుని ఎముకల్లో చేరి కూర్చుంటుంది. పెద్దవాళ్ళకే మంచిది కాదు, పిల్లలకైతే మెదడే దెబ్బతింటుంది. అందుకే వంటగిన్నెల లోహంలో సీసం ఒక హద్దు దాటకూడదని రూలు. ఆ హద్దు దగ్గర కాపలా ఉండడమే నా ఉద్యోగం.

కాపలా ఎలాగంటే, కొలిమిలో లోహం కరిగాక, దిమ్మలుగా పోయబోయే ముందు, గరిటెతో కొంచెం తీసి చిన్న అచ్చులో పోస్తారు. రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్దగా, మందంగా ఒక బిళ్ళ తయారవుతుంది. దాన్ని నాకు తెచ్చిస్తే, లేతు మీద ముఖం చెక్కి నున్నగా చేసి మిషనులో పెడతాను. మిషను దాని మీద ఒక నిప్పురవ్వ కొట్టి, ఆ వెలుగులో ఏ లోహం ఎంతుందో చెబుతుంది. నేను పాస్ అంటే ఆ పోత దిమ్మలవుతుంది, రేకులవుతుంది, గిన్నెలవుతుంది. ఎవరింట్లోనో పాలు కాగుతాయి.

బిళ్ళ పోసేటప్పుడు కెమిస్టు అక్కడ నిలబడి చూడాలని రూలు ఉంది. వేరే షిఫ్టు వాళ్ళ దగ్గర నేను దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తాను. మా ఆయన షిఫ్టులో మాత్రం వెళ్ళేదాన్ని కాదు. ఎందుకంటే ఆయనే తెచ్చేవాడు. ఈమధ్య కొన్ని నెలలుగా బిళ్ళని కుర్రాళ్ళ చేతికివ్వకుండా తనే అరచేతిలో పెట్టుకుని, ఆ షెడ్డు నుంచి నా గదిదాకా నడిచి వచ్చేవాడు. "సారు మేడం గారికి కానుక తెస్తున్నారు," అని ప్యాకింగ్ అమ్మాయిలు నవ్వేవాళ్ళు. ఇంట్లో నాకు జ్వరం వచ్చిన రోజున కూడా ఒక గ్లాసు మంచినీళ్ళు తెచ్చివ్వని మనిషి. ఆయన అలా నడిచొస్తుంటే నాకు సిగ్గుగానూ సంతోషంగానూ ఉండేది. ఇంత వయసొచ్చాక ఆ మాట చెప్పుకోవడం నవ్వులాటగా ఉంటుంది గానీ, ఆయన వచ్చే వేళకి తలుపు వైపు చూసేదాన్ని. జుట్టు సవరించుకునేదాన్ని. వచ్చాక వెంటనే వెళ్ళేవాడు కాదు. కాసేపు కూర్చుని, పరీక్షలైపోయిన పాత బిళ్ళలు వేసే డబ్బాలో చెయ్యి పెట్టి, వాటితో ఆడుకుంటూ కబుర్లు చెప్పేవాడు. పెళ్ళయిన కొత్తలో కూడా అంత తీరుబడిగా నా దగ్గర కూర్చోలేదు.

గిన్నె దించమన్న రోజు కూడా అలాగే వచ్చాడు, బిళ్ళ ఇచ్చాడు, కంపెనీ పెద్దసారుతో మీటింగు ఉందని తొందరగా వెళ్ళిపోయాడు. లేతుకి బిగించబోతే బిళ్ళ వేళ్ళ మధ్య తేడాగా తగిలింది. పల్చగా ఉంది. అచ్చు ఒకటే అయినప్పుడు బిళ్ళ మందం ఒకేలా ఉండాలి. పల్చబడాలంటే దాని ముఖం ఇదివరకే కొన్నిసార్లు చెక్కి ఉండాలి. ఏదో అచ్చు తేడా అయ్యుంటుందిలే అనుకుని మిషనులో పెట్టాను. సీసం హద్దులోపలే ఉంది. పాస్ అని మీట నొక్కబోతూ గాలియం దగ్గర ఆగిపోయాను. ఆ అంకె నేను నిన్న చూశాను. మొన్న కూడా చూశాను.

మిషనుకే ఏదో అయిందనుకున్నాను. మనసు ఎప్పుడూ మనిషిని వదిలేసి వస్తువుని అనుమానిస్తుంది ముందు. అంకెలు ముందే తెలిసిన ప్రామాణిక బిళ్ళ పెట్టి చూస్తే మిషను నిక్షేపంలా ఉంది. పాత ఫలితాలు తెర మీదకి తెచ్చాను. మా ఆయన షిఫ్టులో పోత మారినా గాలియం మారలేదు. ఇనుము మారలేదు, రాగి మారలేదు. వేరే షిఫ్టుల్లో రోజుకో రకంగా ఉన్నాయి. కరిగించిన ప్రతిసారీ కొత్తగా పుట్టాల్సిన లోహం, ఆయన చేతిలో మాత్రం ఒకే మనిషి మళ్ళీ మళ్ళీ వేరే పేరుతో వచ్చినట్టు వస్తోంది. బిళ్ళల డబ్బా బల్ల మీద బోర్లించి వెతికాను. నిన్నటి ఆయన బిళ్ళ అందులో లేదు. మొన్నటిదీ లేదు. ఆడుకుంటూ ఆడుకుంటూ జేబులో వేసుకుని వెళ్ళాడు. మర్నాడు దాన్నే నాకు తెచ్చి ఇచ్చాడు.

షెడ్డుకి వెళ్ళాను. ఆయన మీటింగులో ఉన్నాడు. కొలిమి ముందు ముసలి మేస్త్రి, అందరూ బాబాయ్ అని పిలిచేవాడు, గరిటె పట్టుకుని నిలబడ్డాడు. పక్కన పడి ఉన్న తుక్కు చూడగానే నాకు సగం అర్థమైంది. మేలురకం అల్యూమినియం కాదది. సీసం టంకం పూసిన పాత రేడియేటర్లు, రంగు పెచ్చులూడుతున్న పైపులు, బ్యాటరీల తుక్కు, అన్నీ కలగాపులగంగా.

"బాబాయ్, ఈ పోతలోంచి నాకో బిళ్ళ పోసివ్వు," అన్నాను.

"పొద్దునే వచ్చుంటుందిగా మేడం మీకు?"

"మళ్ళీ కావాలి."

ఆయన నా ముఖం వైపు చూడకుండా గరిటె కరిగిన లోహంలో ముంచాడు. "సారు మమ్మల్ని బిళ్ళ పొయ్యడం మానెయ్యమన్నారమ్మా. అది నేను చూసుకుంటాలే అన్నారు. మీరిద్దరూ ఒకింటివాళ్ళు, మధ్యలో మాకెందుకు అనుకున్నాం."

వేడి బిళ్ళని పటకారుతో పట్టుకుని, చల్లార్చి, తెచ్చి చెక్కి పెట్టాను. సీసం హద్దు దాటిపోయి ఎక్కడో ఉంది. మళ్ళీ చెక్కి మళ్ళీ పెట్టాను. అదే.

ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. ముందు వచ్చింది సిగ్గు. అందరిముందూ బట్టలు జారిపోయినంత సిగ్గు. నేను తలుపు వైపు చూస్తూ కూర్చున్న రోజులన్నీ గుర్తొచ్చాయి. జుట్టు సవరించుకోవడం గుర్తొచ్చింది. ఇంకెవరైనా కెమిస్టు అయితే ఈ మోసం మొదటి రోజే బయటపడేది. పోసేటప్పుడు చూస్తానని లేచి వెళ్ళేవాళ్ళు. ఆయనకి కావలసింది పనిరాని కెమిస్టు కాదు, పని బాగా వచ్చిన కెమిస్టు, అందరూ నమ్మే కెమిస్టు, తను నడిచొస్తే చాలు కళ్ళు మూసుకునే కెమిస్టు. అలాంటిది ఇంట్లోనే దొరికింది.

అప్పుడు గుర్తొచ్చింది, పొద్దున అత్తగారు దించమన్న గిన్నె. అల్యూమినియం ఒంటికి పడదనడం కాదు అది. ఆ గిన్నెలో ఏముందో ఆయనకి తెలుసు. వాళ్ళమ్మ తాగే పాలు అందులో కాగకూడదు.

ఆ వెంటనే ఇంకోటి గుర్తొచ్చింది. మా చెల్లి.

చెల్లికి పెళ్ళయిన చాలా ఏళ్ళకి కడుపు పండింది. ఈమధ్యే కొత్తింట్లోకి మారింది. మన ఫ్యాక్టరీ గిన్నెల సెట్టు ఒకటి ఇద్దామండీ అని నేనే అన్నాను. ఆయనే దగ్గరుండి సెట్టు కట్టించాడు, ఎర్ర రిబ్బను ముడి వేయించాడు, తనే మోసుకొచ్చి కారులో పెట్టాడు. చెల్లి దాన్ని అందుకుంటుంటే పక్కన నిలబడి ఫోటో దిగాడు.

వెంటనే ఫోన్ చేశాను.

"అక్కా! నీకు నూరేళ్ళు. ఇప్పుడే నిన్ను తలుచుకున్నా," అంది నవ్వుతూ.

"మేమిచ్చిన గిన్నెలు వాడుతున్నావా?"

"వాడకపోవడమేంటి, పాలు, కూరలు అన్నీ వాటిల్లోనే. ఎంత తేలిగ్గా ఉన్నాయో! ఈ కడుపుతో బరువులు ఎత్తలేకపోతున్నా, బావ బంగారంలాంటివి ఇచ్చాడని మా ఆయనతో అన్నా కూడా."

"వాటిని ఇప్పుడే పక్కన పెట్టెయ్. ఇంక వాటిల్లో ఏమీ వండకు. రేపు డాక్టరు దగ్గరికి వెళ్ళి, రక్తంలో సీసం ఎంతుందో చూడమని అడగాలి."

అది చాలా మెల్లగా, "అదేంటక్కా. నువ్వు పరీక్ష చేసిన గిన్నెలే కదా ఇవి?" అంది.

నేను మళ్ళీ చేస్తానని పెట్టేశాను.

సాయంత్రం కారులో ఆయన మీటింగు సంగతులు చెప్పుకొచ్చాడు. ఖర్చు తగ్గించినందుకు పెద్దసారు భుజం తట్టాడట. ప్లాంటు హెడ్ కుర్చీ దాదాపు ఖాయమట. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఇంటికెళ్ళాక టీ ఇమ్మన్నాడు. టీ బదులు బల్ల మీద రెండు బిళ్ళలు పెట్టాను. పల్చటిది ఒకటి, మందంగా ఉన్నది ఒకటి.

వాటిని ముట్టుకోలేదు. "ఎవరిచ్చారు నీకిది?" అన్నాడు. ఇదేమిటని అడగలేదు.

"నేనే తెచ్చుకున్నాను."

"గొంతు తగ్గించు. అమ్మ వింటుంది."

నేను గొంతు పెంచనే లేదు. ఆయన కుర్చీలో వెనక్కి జరిగి, చిన్నపిల్లకి చెప్పినట్టు మొదలుపెట్టాడు. అందరూ చేస్తున్నదేనట. మేలురకం లోహమే వాడితే గిన్నె ఎవడూ కొనలేడట. "ఆ కాస్త సీసానికి ఎవరూ చచ్చిపోరు. నువ్వు పుస్తకాలు చదివి భయపడతావు."

"చచ్చిపోరని తెలిసే అత్తయ్యకి స్టీలు గిన్నెలు పెట్టారా?"

ఆయన లేచి ఫ్యాను వేగం పెంచి వచ్చి కూర్చున్నాడు. "నిన్ను ఇందులోకి లాగడం ఇష్టంలేకే చెప్పలేదు. రేపు ఏదైనా అయితే నీకు తెలీదనొచ్చు. నీ మంచికే చేశాను."

"పాస్ అన్నది నేను. పేరు నాది. నా మంచి ఎక్కడుంది ఇందులో?"

"నేను ప్లాంటు హెడ్ అయితే అది నా ఒక్కడిదా? మనిద్దరిదీ కాదూ?"

మనిద్దరిదీ. మంచినీళ్ళు తేవడం నాది, గిన్నెలు తోమడం నాది, వాళ్ళమ్మ మందులు నావి, లాబ్‌లో మీటలు నావి. కుర్చీ వచ్చేసరికి మనిద్దరిదీ అయింది. మామూలుగా అయితే ఈ మాట పైకే అనేసేదాన్ని. ఆ సాయంత్రం నాకు దానిమీద లేదు మనసు. అడగాల్సింది ఒక్కటే ఉంది. దానికి ఏదో ఒక జవాబు ఉంటుందనీ, తొందర్లో వేరే సెట్టు అనుకున్నాననో, ఆరోజు గుర్తురాలేదనో అంటాడనీ, అంటే నమ్మేద్దామనీ లోపల ఎక్కడో ఆశపడ్డాను. అంత జరిగాక కూడా.

"మరి మా చెల్లికి ఇస్తుంటే ఎందుకు ఊరుకున్నారు? అది కడుపుతో ఉందని మీకు తెలుసు. మీరే కట్టించారు. మీ చేత్తో ఇచ్చారు."

ఆయన నా వైపు చూశాడు. చిరాకు కూడా లేదు ఆ చూపులో. ఇంత చిన్న విషయం దీనికి అర్థం కాలేదే అన్నట్టు చూశాడు.

"అప్పుడు వద్దంటే నీకు అనుమానం వచ్చేది కదా," అన్నాడు.

గుమ్మం దగ్గర అత్తగారు ఎప్పుడొచ్చిందో, ఆమె ముఖం పాలిపోయి ఉంది. "ఆ పిల్లకి ఫోన్ చేశావా? వాటిల్లో వండొద్దని చెప్పావా?" అంది నాతో. చేశానన్నాను. "నీకు చెప్పే ఉంటాడనుకున్నానమ్మా. మీ చెల్లికీ చెప్పే ఉంటాడనుకున్నా," అంది. కళ్ళు తుడుచుకుంది. ఆమె మీద నాకు ఒక్క క్షణం ప్రేమ పుట్టింది. మరుక్షణమే, "వాడు చేసింది తప్పే. కాదనను. కానీ ఇంటి గుట్టు వీధిలో పెట్టకు తల్లీ. మగాడి ఉద్యోగం పోతే ఇల్లు నిలబడదు," అంది. ఈ ఇంట్లో నా ఉద్యోగం పోతే ఏమవుతుందో ఎవరూ ఎప్పుడూ అనుకోలేదు.

ఆయనకి అక్కడితో మాట అయిపోయినట్టుంది. "సరే, ఇకనుంచి ఆ తుక్కు కొద్దికొద్దిగా తగ్గిస్తాలే. ఇంక దాన్ని సాగదీయకు. టీ పెట్టు," అన్నాడు. వాళ్ళమ్మే వెళ్ళి టీ పెట్టింది. నేను రెండు బిళ్ళలూ చీర కొంగులో మూటకట్టుకుని పక్క గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను.

మర్నాడు పొద్దున నేను వంటింట్లోకి వెళ్ళలేదు. బట్టలు కొన్ని సంచిలో పెట్టుకుని, వాళ్ళు లేవకముందే బస్సు పట్టుకుని ఫ్యాక్టరీకి వెళ్ళాను. షిఫ్టు మొదలయ్యేలోపు చేయాల్సిన పనొకటి ఉంది. మా గిన్నెలు కొనే దుకాణాల వాళ్ళందరికీ పరీక్ష ఫలితాలు పంపేది నేనే, వాళ్ళ మెయిళ్ళన్నీ నా దగ్గరే ఉంటాయి. ఆ షిఫ్టు పోతల్లో సీసం ఉందనీ, నేను పాస్ అన్నది తప్పుడు బిళ్ళ చూసి అనీ, అమ్మిన గిన్నెలు వెనక్కి తీసుకోమని కొన్నవాళ్ళకి చెప్పండనీ రాసి నా పేరు పెట్టి పంపేశాను. తర్వాత పెద్దసారు గదికి వెళ్ళి బిళ్ళలు ఆయన బల్ల మీద పెట్టాను.

పెద్దసారు మంచి చెడ్డలు రెండూ తెలిసినవాడు, ఎక్కువగా మంచినే నెమ్మదిగా పక్కన పెట్టేవాడు. విన్నంతసేపూ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "మేడం, ఈ ఫలితాలన్నీ మీరిచ్చినవే. ముందు ఇరుక్కునేది మీరు," అన్నాడు. తెలుసన్నాను. "మెయిలు పంపేముందు ఒక్కమాట నాతో అనొచ్చుగా," అన్నాడు. అంటే పంపనిచ్చేవారు కాదుగా అన్నాను. ఆయన నిట్టూర్చి మా ఆయనకి కబురు పెట్టాడు.

మా ఆయన వచ్చాడు. మాసిన చొక్కాతో, గడ్డం గీసుకోకుండా. పొద్దున తన బట్టలు ఎక్కడున్నాయో దొరికినట్టు లేదు. నన్ను చూసి, బల్ల మీద బిళ్ళలు చూసి, పెద్దసారు వైపు తిరిగి గొంతులోకి బోలెడంత బాధ తెచ్చుకున్నాడు. "మీరేమీ అనుకోకండి సార్. మా ఆవిడకి ఈమధ్య ఒంట్లో బాగుండటం లేదు. చెల్లెలి గురించి బెంగ. పనిలో పొరపాటు పడి, కంగారులో ఏదేదో ఊహించుకుంటోంది. నేను సర్దిచెబుతాను."

అబద్ధం అంత చక్కగా, అంత జాలిగా, అప్పటికప్పుడు రావడం చూస్తే, నాకు ఇన్నేళ్ళలో చెప్పినవన్నీ కళ్ళముందు వరుసగా నిలబడినట్టు అనిపించింది. పెద్దసారు నా వైపు తిరిగాడు. నేను బిళ్ళల వైపు చెయ్యి చూపించి, "నా ఒంటి సంగతి కాదు సార్. వేరే కెమిస్టుని పిలిపించి వాళ్ళ చేత పరీక్ష చేయించండి. మేస్త్రిని అడగండి. ఆయన చెప్పకపోయినా కొలిమిలో ఉన్నది చెబుతుంది," అన్నాను.

"ఆ పోత ఆపెయ్యమనండి," అన్నాడు పెద్దసారు ఫోనులో ఎవరితోనో.

నేను బయటికి వస్తే మా ఆయన నా వెనకే వరండాలోకి వచ్చాడు. నా చేతిలో సంచి అప్పుడే చూశాడు. ముఖం మారిపోయింది. "ఎక్కడికి? ఇంటికి పద. కూర్చుని మాట్లాడుకుందాం. ఏదున్నా మనం మనం తేల్చుకుందాం," అన్నాడు. షెడ్డులోంచి జనం తొంగిచూస్తున్నారు. ప్యాకింగ్ అమ్మాయిలు పని ఆపేసి నిలబడ్డారు. ఎవరూ నవ్వడంలేదు.

"నేను చెల్లి దగ్గరికి వెళ్తున్నాను," అన్నాను. "దానికి డాక్టరు దగ్గర పదకొండింటికి టైమిచ్చారు. ఆ గిన్నెలు ఎవరిచ్చారని డాక్టరు అడుగుతాడు. మా అక్క అని అది చెప్పేలోపే, నేనేనని నేను చెప్పాలి."